రూ. 2,800 మెకానికల్ గేమింగ్ కీబోర్డు: ఉంచుకోనా, వెనక్కి పంపనా?

బీచ్‌రోడ్డు_కుర్రాడు · శనివారం రాత్రి 11:20

అందరికీ నమస్తే. వైజాగ్‌లో బీటెక్ మూడో సంవత్సరం, హాస్టల్లో ఉంటాను. రోజుకి మూడు నాలుగు గంటలు కోడింగ్, రాత్రి ఓ రెండు గంటలు వాలొరెంట్ అనే షూటింగ్ గేమ్, ఇదీ నా వాడకం. ఇన్నాళ్లూ లాప్‌టాప్ కీబోర్డు మీదే లాగించాను, డబ్ల్యూ కీ వదులైపోయాక ఇక తప్పలేదు. వేసవిలో ఇద్దరు పిల్లలకి లెక్కలు చెప్పి దాచుకున్న డబ్బుల్లోంచి రూ. 2,800 పెట్టి 87 కీల మెకానికల్ బోర్డు ఆన్‌లైన్‌లో తెప్పించాను. రెడ్ స్విచ్‌లు, హాట్‌స్వాప్ (టంకం లేకుండా స్విచ్ పీకి వేరేది పెట్టుకునే వీలు) అని రాసి ఉంది, రంగురంగుల లైట్లు, కేబుల్ ఊడి వస్తుంది. కంపెనీ పేరు కావాలనే రాయట్లేదు. ఈ ధరలో సగం బోర్డులు ఒకే అచ్చులో పోసినట్టున్నాయి, లోగో ఒక్కటే తేడా.

నచ్చినవి: బరువుగా ఉంది, టేబుల్ మీద జరగదు. వేలు ఆనిస్తే చాలు కీ దిగిపోతోంది, మొదటి రెండు రోజులు తప్పులు ఎక్కువ పడ్డాయి కానీ ఇప్పుడు చెయ్యి అలవాటుపడింది.

నచ్చనివి: స్పేస్ బార్ నొక్కితే లోపల తీగ కొట్టుకుంటున్నట్టు గలగల. ఎంటర్ కూడా అంతే, కొంచెం తక్కువ. రాత్రి పన్నెండు దాటితే రూమ్మేట్ దుప్పటి తీసి నావైపు చూస్తున్నాడు పాపం. ఇంకోటి, లాప్‌టాప్ యూఎస్‌బీ సీ పోర్టుకి నా ఫోన్ కేబుల్, అంటే రెండు వైపులా సీ ఉన్నది, పెడితే అసలు ఆన్ అవ్వట్లేదు. డబ్బాలో వచ్చిన కేబుల్‌తో మాత్రం బాగానే ఉంది.

వెనక్కి పంపడానికి ఇంకా నాలుగు రోజులు గడువుంది. ఇంకో రెండు వేలు ఎవరినైనా అడిగి పెద్దది కొనాలా, ఇదే ఉంచుకోవాలా? పెట్టిన డబ్బుకి ఇది న్యాయమైన వస్తువేనా కాదా అన్నది ఎలా తేల్చుకోవాలో చెప్పండి. వీడియోల్లో ప్రతివాళ్లూ "వాల్యూ ఫర్ మనీ" అంటారు, ఆ మాటకి కొలత ఏంటో మాత్రం ఎవరూ చెప్పరు.

ఏడీ_స్ట్రేఫ్ · శనివారం రాత్రి 11:46

పంపించెయ్ బ్రో. వాలొరెంట్ ఆడేవాడికి ఈ రోజుల్లో మామూలు మెకానికల్ కొనడం దండగ. హాల్ ఎఫెక్ట్ బోర్డులు నాలుగైదు వేలకి కూడా వస్తున్నాయి. దాంట్లో స్విచ్ లోపల అయస్కాంతం ఉంటుంది, కింద బోర్డు మీద సెన్సర్ ఉంటుంది, లోహానికి లోహం తగిలే పనే లేదు. కీ ఎంత లోతుకి దిగిందో ప్రతి క్షణం తెలుస్తుంది కాబట్టి ర్యాపిడ్ ట్రిగ్గర్ పెట్టుకోవచ్చు, వేలు పైకి కదిలిందో లేదో కీ వదిలేసినట్టు లెక్క. నీ రెడ్ స్విచ్‌లో అలా కాదు, కీ పైకి లేచి ఒక చోటు దాటేదాకా ఇంకా నొక్కినట్టే ఉంటుంది. ఎడమకి జరిపే ఏ కీ నుంచి కుడికి జరిపే డీకి మారి ఆగి కాల్చేటప్పుడు ఆ తేడా చేతికి తెలుస్తుంది. నెదర్లాండ్స్ కంపెనీ వూటింగ్ దీన్ని జనంలోకి తెచ్చింది, ఇప్పుడు చైనా కంపెనీలన్నీ చేస్తున్నాయి.

సర్వీస్‌బెంచ్ · ఆదివారం ఉదయం 7:15

తమ్ముడూ, తొందరపడి పంపకు, తొందరపడి ఉంచుకోకు. నేను సికింద్రాబాద్‌లో కంప్యూటర్ల బజారు సీటీసీ దగ్గర పదమూడేళ్లుగా రిపేర్ బెంచ్ మీద కూర్చుంటున్నాను. కీబోర్డులు ఇప్పటికి ఎన్ని విప్పానో లెక్క లేదు. నా అనుభవంలో చవక కీబోర్డు విలువ కొన్న రోజున తెలియదు, చెడిపోయిన రోజున తెలుస్తుంది. ఒక్క కీ పోతే మొత్తం బోర్డు పారెయ్యాల్సి వస్తే అది రూ. 1,500కి కొన్నా ఖరీదే. ఆ ఒక్క కీని ఇరవై రూపాయలతో నువ్వే మార్చుకోగలిగితే రూ. 2,800 తక్కువ ధరే. నేను చూసే కొలత ఇదొక్కటే, మిగతావన్నీ దీని తర్వాత.

కాబట్టి ఈ నాలుగు రోజుల్లో నువ్వు చెయ్యాల్సిన పని చెబుతా. ముందు నొక్కిన కీని తెరమీద చూపించే కీ టెస్టర్ వెబ్ పేజీ ఏదైనా తెరిచి ఒక్కో కీని ఇరవై సార్లు మెల్లగా, ఇరవై సార్లు టకటకా నొక్కు. ఒక్కసారి నొక్కితే రెండుసార్లు పడే కీ ఏదైనా ఉందా చూడు. ఇది చాలామంది అశ్రద్ధ చేస్తారు, కొత్త బోర్డులోనే ఒకటో రెండో అలా ఉంటాయి. లోపల ఉన్నది సన్నటి రాగి రేకు, అది తగిలినప్పుడల్లా కొన్ని మిల్లీసెకన్లపాటు అదురుతుంది. ఆ అదురుని లెక్కలోకి తీసుకోకుండా ఉండేలా చిప్‌లో ప్రోగ్రాం ఉంటుంది. రేకుకి మురికి పట్టినా, వంగినా ఆ అదురు ఎక్కువసేపు ఉండిపోయి డబుల్ పడుతుంది.

తర్వాత స్విచ్ తీసే చిమటా డబ్బాలో ఉంటుంది, దాంతో ఓ మూడు స్విచ్‌లు నిలువుగా లాగు. అటూ ఇటూ ఊపకు, సాకెట్ పెకలి వస్తుంది. బయటికొచ్చాక రెండు లోహపు కాళ్లు నిటారుగా ఉన్నాయా, మళ్లీ పెట్టినప్పుడు గట్టిగా కూర్చుంటున్నాయా చూడు. హాట్‌స్వాప్ అని రాసి ఉన్నంత మాత్రాన అన్ని స్విచ్‌లూ పట్టవు. చవక బోర్డుల్లో కొన్నిటికి సన్నటి రంధ్రాల సాకెట్ వేస్తారు, వాటిలో ఔటెము కంపెనీ రకం సన్న కాళ్లే దిగుతాయి, గేటరాన్, కైల్ లాంటి వేరే కంపెనీల స్విచ్‌లు పెట్టబోతే కాలు వంగిపోతుంది. బోర్డు మీద ఏ సాకెట్ ఉందో ఫోటో తీసి పెట్టు, చెబుతా.

సీ టు సీ సంగతి కూడా తెలిసిందే. అలాంటి కేబుల్‌లో కరెంట్ రావాలంటే కీబోర్డు వైపు 5.1 కిలో ఓమ్‌ల రెసిస్టర్లు రెండు ఉండాలి. పైసల కోసం అవి వెయ్యని బోర్డులు ఈ ధరలో కనిపిస్తూనే ఉంటాయి. డబ్బాలో వచ్చిన ఏ టు సీ కేబుల్‌తో పనిచేస్తోంది కాబట్టి నీ లాప్‌టాప్‌లో పాత రకం యూఎస్‌బీ పోర్టు ఉన్నన్నాళ్లూ ఇబ్బంది లేదు. పోర్టు దగ్గర కేబుల్ కొద్దిగా కదిపి చూడు, లైట్లు ఆరిపోయి వెలిగితే మాత్రం ఇంకో మాట లేకుండా పంపెయ్.

ఒంగోలు_నాన్న · ఆదివారం ఉదయం 9:02

మధ్యలో వచ్చినందుకు మన్నించండి. మా అబ్బాయి ఇంటర్, వాడికీ ఇదే పిచ్చి పట్టుకుంది. నేను ఆఫీసులో రూ. 600 మామూలు కీబోర్డుతో తొమ్మిదేళ్లుగా పని చేస్తున్నాను, దానికి ఏ రోగమూ రాలేదు. రూ. 2,800 పెట్టి కొన్న వస్తువు అప్పుడే గలగలమంటోందని ఈ బాబే రాశాడు. అలాంటప్పుడు మెకానికల్ ఎందుకు కొనాలి? నిజంగా తెలుసుకుందామనే అడుగుతున్నా, వాదన కోసం కాదు.

అక్షరాల_షాపు · ఆదివారం ఉదయం 10:38

ఒంగోలు గారూ, మీ ప్రశ్నకి నేను చెప్పగలను. మాది తెనాలి, డీటీపీ షాపు, పెళ్లి పత్రికలు, కరపత్రాలు, మధ్యలో పుస్తకాల పని. పొద్దున తొమ్మిది నుంచి రాత్రి తొమ్మిది దాకా వేళ్లతోనే బతుకు. 2009లో టీవీఎస్ గోల్డ్ అనే మెకానికల్ కీబోర్డు కొన్నాను, ఇప్పటికీ అదే. లైట్లు లేవు, సాఫ్ట్‌వేర్ లేదు, చెర్రీ కంపెనీ ఎంఎక్స్ బ్లూ స్విచ్‌లు, వీధిలోకి వినిపించే టకటక. రైల్వే కౌంటర్లోనో బ్యాంకులోనో ఆ శబ్దం మీరు వినే ఉంటారు.

తేడా ఎక్కడుందంటే, మీ రూ. 600 కీబోర్డు లోపల ఒకే రబ్బరు షీటు ఉంటుంది, కీ దాన్ని అడుగుదాకా నొక్కితేనే అక్షరం పడుతుంది. మెకానికల్‌లో ఒక్కో కీకి విడిగా స్ప్రింగు, విడిగా స్విచ్. మొత్తం 4 మిల్లీమీటర్ల ప్రయాణంలో సుమారు 2 మిల్లీమీటర్లు దిగగానే అక్షరం పడిపోతుంది, అడుగుదాకా గుద్దక్కర్లేదు. రోజుకి ఓ గంట టైప్ చేసేవాళ్లకి ఇది పెద్ద విషయం కాదు. పన్నెండు గంటలు చేసేవాళ్లకి సాయంత్రం మణికట్టే చెబుతుంది. నేను రెండేళ్లు రబ్బరు కీబోర్డు మీద ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీల అమరికతో కొట్టాను. దాంట్లో తెలుగు పొల్లు డీ కీ మీద ఉంటుంది, ఏ ఒత్తు రావాలన్నా ముందు దాన్ని నొక్కాల్సిందే. "రాష్ట్రం" అన్న ఒక్క మాటకే రెండుసార్లు. ఏడాది తిరిగేసరికి ఆ డీ కింద రబ్బరు అణిగిపోయి, మిగతావాటికంటే రెట్టింపు బలంతో గుద్దాల్సి వచ్చేది. ఒక్క కీ కోసం మొత్తం మార్చాను, అలా రెండు మార్చాను. మీరు అదే కీబోర్డుతో తొమ్మిదేళ్లు లాగారంటే మీ పనిలో టైపింగ్ తక్కువన్నమాట, మీకు అది సరిపోయింది. మీ డబ్బుకి న్యాయం జరిగింది.

బాబూ బీచ్‌రోడ్డు, మీ పెట్టె మీద 5 కోట్ల నొక్కులు అని రాసి ఉంటుంది. దాన్ని చూసి కొనకండి. స్పేస్ బార్ రోజుకి 10,000 సార్లు నొక్కినా 5 కోట్లు దాటడానికి 5,000 రోజులు, అంటే పదమూడేళ్ల పైమాట. అంతకాలం ఎవరు వాడతారు? దానికంటే ముందు కేబుల్ పోతుంది, పోర్టు పోతుంది, దుమ్ము చేరుతుంది. ఆ లెక్క అబద్ధమని కాదు, కొనేవాళ్లకి దానితో పని లేదు.

ఏడీ_స్ట్రేఫ్ · ఆదివారం ఉదయం 11:05

అక్కా, టీవీఎస్ గోల్డ్ టైపింగ్‌కి బంగారమే, ఒప్పుకుంటా. కానీ గేమ్‌కి బ్లూ స్విచ్ పనికిరాదు. అక్షరం పడిన చోటు కంటే బాగా పైకి లేస్తేనే మళ్లీ నొక్కడానికి వీలవుతుంది, ఒకే కీని వేగంగా రెండుసార్లు కొట్టడం కష్టం. శబ్దం సరేసరి, టీమ్ మొత్తం మైకులో వినాలి.

అక్షరాల_షాపు · ఆదివారం ఉదయం 11:20

అది మీరు చెబితేనే తెలిసింది. నేనైతే ఆటకి కొనమని చెప్పలేదండీ, వస్తువుని ఎలా తూచాలో చెప్పానంతే.

సర్వీస్‌బెంచ్ · ఆదివారం మధ్యాహ్నం 1:30

ఒంగోలు గారికి ఒక జాగ్రత్త. మీ అబ్బాయి కోసం వెతికేటప్పుడు "మెకానికల్ ఫీల్", "సెమీ మెకానికల్" అని రాసినవి వెయ్యికో పన్నెండొందలకో కనిపిస్తాయి. అవి లోపల రబ్బరు షీటే, పైన లైట్లు వేసి, నొక్కితే కాస్త టక్కుమనేలా చేస్తారు. స్విచ్ రంగేంటి, ఎవరు చేశారు అన్నది రాయని చోట నూటికి తొంభై అనుమానించండి. మొన్న ఒకాయన కూతురి కోసం అలాంటిది రూ. 1,400కి కొని, ఒక కీ పనిచెయ్యడం లేదని నా దగ్గరికి తెచ్చాడు. విప్పితే ప్లాస్టిక్ షీటు మీద వెండి గీత తెగి ఉంది. నేనేం చెయ్యను? ఆ గీతకి టంకం అంటదు, షీటు కరిగిపోతుంది. మెకానికల్ అనుకునే కొన్నానండీ అని ఆయన మళ్లీ మళ్లీ అంటుంటే బాధేసింది. రూ. 600ది రూ. 600కి అమ్మితే ఎవరికీ కోపం రాదు.

ఇక స్ట్రేఫ్ తమ్ముడు చెప్పిన హాల్ ఎఫెక్ట్ మంచి సరుకే, రేకులు లేవు కాబట్టి డబుల్ పడే రోగం దానికి రాదు. కాకపోతే అది పోతే నా దగ్గర కూడా మందు ఉండదు. సెన్సర్ ఉన్నది బోర్డు మీద, దాంట్లో పెట్టే అయస్కాంతపు స్విచ్ కూడా ఆ బోర్డుకి సరిపడేదే వెతకాలి. మామూలు మూడు కాళ్ల స్విచ్ (రెండు లోహపు కాళ్లు, మధ్యలో ఒక ప్లాస్టిక్ కాలు) అయితే ఏ ఊళ్లో ఉన్నా తెప్పించుకోవచ్చు. చెర్రీ వాళ్ల 1980ల నాటి డిజైన్ మీద పేటెంట్ గడువు తీరిపోయాక గేటరాన్, కైల్, ఔటెము అందరూ అదే కొలతలో చేస్తున్నారు, ఈ ధరలు ఇంతగా దిగడానికి కారణం కూడా అదే.

ఏడీ_స్ట్రేఫ్ · ఆదివారం మధ్యాహ్నం 2:10

అన్నా, ఆ మాట నిజమే, రిపేర్ వైపు నుంచి నేను ఆలోచించలేదు. కానీ పోటీలో ఆడేవాళ్లకి తేడా ఉందన్నది మాత్రం వెనక్కి తీసుకోను.

ఇర్వింగ్_తెలుగు · ఆదివారం రాత్రి 9:50

నేను డాలస్ దగ్గర ఇర్వింగ్‌లో ఉంటాను. నా తప్పు చెబుతాను, ఎవరికైనా పనికొస్తుంది. మొదట 35 డాలర్లది కొన్నాను, ఇంకో ఇరవై వేస్తే వైర్‌లెస్ వస్తుందన్నారు, అది కొన్నాను, ఇంకో ముప్పై వేస్తే అల్యూమినియం బాడీ అన్నారు, అదీ కొన్నాను. మూడేళ్లలో మూడు బోర్డులు. ఇప్పుడు టేబుల్ మీద ఉన్నది ఏది అంటే, మొదటిదే. స్విచ్‌లు మార్చాను, కీ క్యాప్‌లు మార్చాను, కింద నురుగు షీటు వేశాను, మొత్తం కలిపి ఇంకో 40 డాలర్లు అయి ఉంటుంది. తమ్ముడూ, ఇంకో రెండు వేలు అప్పు చెయ్యాలా అని అడిగావు. వద్దు. చదువుకునే రోజుల్లో కీబోర్డు కోసం అప్పు మాత్రం వద్దు.

గేమ్ గురించి ఒక లెక్క. పాత రకం కీబోర్డు కంప్యూటర్‌తో సెకనుకి 125 సార్లు మాట్లాడుతుంది, అంటే 8 మిల్లీసెకన్లకి ఒకసారి. ఇప్పుడు ఈ ధరలో చాలావాటికి 1,000 సార్లు ఉంటుంది, 1 మిల్లీసెకను. దాని పైన 8,000 అని అమ్ముతున్నారు, అది 0.125 మిల్లీసెకను. నీ లాప్‌టాప్ తెర 60 హెర్ట్జ్ అయితే ఒక్క బొమ్మ మారడానికే దాదాపు 16.7 మిల్లీసెకన్లు పడుతోంది. 144 హెర్ట్జ్ అయితే 7 లోపు. అంటే 8 నుంచి 1కి రావడం లాభం, 1 నుంచి 0.125కి రావడానికి పెట్టే డబ్బు మానిటర్ కోసం దాచుకుంటే ఆట నిజంగా మారుతుంది.

బీచ్‌రోడ్డు_కుర్రాడు · సోమవారం రాత్రి 10:15

అందరికీ చాలా థాంక్స్. అన్న చెప్పినట్టే నిన్న సాయంత్రం కూర్చుని 87 కీలూ ఒక్కొక్కటిగా నొక్కాను, గంటపైనే పట్టింది. డబుల్ పడేది ఒక్కటీ లేదు. పోర్టు కదిపాను, లైట్లు నిలకడగానే ఉన్నాయి. మూడు స్విచ్‌లు తీశాను, మొదటిది తీసేటప్పుడు చెయ్యి వణికింది, విరుగుతుందేమోనని. కాళ్లు నిటారుగానే ఉన్నాయి. సాకెట్ ఫోటో పెట్టాను చూడండి. కీ క్యాప్‌లు మాత్రం ఏబీఎస్ అనే ప్లాస్టిక్ అనుకుంటా, ఏ, డీ కీల మీద అప్పుడే నూనె రాసినట్టు చిన్న మెరుపు వచ్చింది. వేళ్లు కడుక్కునే ఆడతాను, అయినా వచ్చింది.

ఇంకో సందేహం. పెట్టె మీద అన్ని కీలూ ఒకేసారి పనిచేస్తాయని ఉంది, టెస్టర్‌లో మాత్రం ఆరు దాటితే పడట్లేదు. మోసమా?

సర్వీస్‌బెంచ్ · సోమవారం రాత్రి 10:48

ఫోటోలో ఉన్నది కైల్ తరహా సాకెట్, అన్ని రకాల మూడు కాళ్ల స్విచ్‌లూ పడతాయి. ఐదు కాళ్లది కొంటే అదనంగా ఉండే రెండు ప్లాస్టిక్ కాళ్లని గోళ్ల కత్తెరతో కత్తిరించి పెట్టుకోవచ్చు. ఈ ధరలో ఈ సాకెట్ వచ్చిందంటే నువ్వు పెట్టిన డబ్బులో సగం దానికే వచ్చేసిందనుకో.

ఆరు కీల సంగతి మోసం కాకపోవచ్చు. యూఎస్‌బీ కీబోర్డు మామూలు పద్ధతిలో ఒకేసారి ఆరు కీలు, వాటితోపాటు షిఫ్ట్, కంట్రోల్ లాంటివి ఎనిమిది పంపుతుంది. అన్నీ పంపే పద్ధతి విడిగా ఉంటుంది, ఎఫ్ఎన్ అని రాసి ఉన్న కీతో ఇంకో కీ కలిపి నొక్కితే మారుతుంది, కాగితంలో చూడు. మారకపోయినా నీకు నష్టం లేదు. డబ్ల్యూ, ఏ, స్పేస్ కలిపి మూడు, షిఫ్ట్, కంట్రోల్ ఆ ఆరు లెక్కలోకే రావు. గేమ్‌లో ఆరు దాటి నొక్కాలంటే చెయ్యి చాలదు.

క్యాప్‌లు మెరవడం ఏబీఎస్ గుణం. పీబీటీ అనే ప్లాస్టిక్ అయితే ఆ మెరుపు చాలా ఆలస్యంగా వస్తుంది. డబుల్ షాట్ అని రాసినవి అయితే అక్షరం వేరే ప్లాస్టిక్‌తో పోసి ఉంటుంది, చెరిగిపోయే సమస్యే లేదు. ఇప్పుడే కొనకు, ఏడాది తర్వాత చూసుకోవచ్చు.

బీచ్‌రోడ్డు_కుర్రాడు · సోమవారం రాత్రి 11:02

మరి ఆ గలగల అన్నా? కుట్టు మిషన్ నూనె ఒక చుక్క వేస్తే పోతుందని మా ఫ్రెండ్ అంటున్నాడు. రేపు అమ్మకి ఫోన్ చేసి పంపమందామనుకుంటున్నా.

సర్వీస్‌బెంచ్ · సోమవారం రాత్రి 11:06

వద్దు వద్దు. నూనె వెయ్యకు, కొబ్బరి నూనె కూడా వద్దు, తుప్పు వదిలించే స్ప్రేలు అసలే వద్దు. పల్చటి నూనె జారి స్విచ్ లోపలికి వెళ్తుంది, దుమ్ముని పట్టుకుంటుంది, కొన్ని రకాల నూనెలకి ప్లాస్టిక్ పగుళ్లు వేస్తుంది. అలా తడిపేసిన బోర్డులు నెలకి ఒకటైనా నా దగ్గరికి వస్తాయి.

గలగల స్విచ్‌ది కాదు. స్పేస్, ఎంటర్, షిఫ్ట్, బ్యాక్‌స్పేస్ లాంటి పొడుగు కీల కింద రెండు చివర్లా సమంగా దిగడానికి ఒక తీగ ఉంటుంది, దాన్నే స్టెబిలైజర్ అంటారు. ఆ తీగ చివర ప్లాస్టిక్ గాడిలో వదులుగా ఊగితే ఆ చప్పుడు. ఎలక్ట్రానిక్స్ షాపులో చిక్కటి సిలికాన్ గ్రీజు చిన్న ట్యూబు అడుగు, డైఎలక్ట్రిక్ గ్రీజు అన్నా ఇస్తారు. స్పేస్ బార్ క్యాప్‌ని రెండు వైపులా సమంగా పట్టి పైకి లాగు. తీగ చివర గాడిలోకి వెళ్లే చోట సన్న బ్రష్‌తో, లేకపోతే అగ్గిపుల్లతో, ఆవగింజంత పెట్టు. రెండో వైపూ అంతే. పదిసార్లు నొక్కి విను. ఇంకా ఉంటే ఇంకో ఆవగింజ. ఒకేసారి కూరితే స్పేస్ బార్ బురదలో దిగినట్టు మెల్లగా లేస్తుంది, మళ్లీ తుడుచుకోవాలి.

ఒంగోలు_నాన్న · మంగళవారం ఉదయం 8:20

ఇవన్నీ చదివాక నాకొక సంగతి అర్థమైంది, మా వాడు అడిగింది లైట్ల కోసమా పని కోసమా అని ముందు వాడినే అడగాలి. నిన్న రాత్రి అడిగాను. కోడింగ్ నేర్చుకుంటున్నాడట, నాకు చెప్పనే లేదు. ఒక ప్రశ్న: ఆన్‌లైన్‌లో కొని చెడిపోతే ఎవరిని పట్టుకోవాలి? కిందటేడు ఒక హెడ్‌ఫోన్ విషయంలో ఆ కంపెనీవాళ్లు రెండు నెలలు తిప్పారు.

అక్షరాల_షాపు · మంగళవారం ఉదయం 9:45

పెట్టె విప్పేటప్పుడు ఫోన్‌లో వీడియో తీయండి, జీఎస్టీ బిల్లు మెయిల్‌లో దాచుకోండి. వారంటీ కంపెనీ ఇస్తుందా, అమ్మినవాడు ఇస్తాడా అన్నది కొనకముందే చూడండి. అమ్మినవాడు ఇచ్చేదైతే ఆరు నెలలకి ఆ దుకాణం కనిపించకపోవచ్చు. ఎవరూ పలకకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, తెలుగులో కూడా మాట్లాడొచ్చు. నేను ఒక ప్రింటర్ విషయంలో చేశాను, పన్నెండు రోజుల్లో డబ్బు వెనక్కి వచ్చింది.

బీచ్‌రోడ్డు_కుర్రాడు · బుధవారం రాత్రి 9:30

గడువు ఇవాళ్టితో అయిపోయింది. ఉంచుకున్నాను. గ్రీజు పెట్టాను, రెండో ప్రయత్నంలో కుదిరింది. గలగల పోయి ఇప్పుడు స్పేస్ బార్ చెక్క మీద వేలు కొట్టినట్టు టుక్కుమంటోంది. బ్యాక్‌స్పేస్‌కి కూడా పెట్టాను. రూమ్మేట్ నిన్న రాత్రి నిద్రలేవలేదు.

ఏడీ_స్ట్రేఫ్ · బుధవారం రాత్రి 9:52

మంచిది బ్రో. నువ్వు తర్వాత ఎప్పుడైనా హాల్ ఎఫెక్ట్‌కి వెళ్తే ఒకటి గుర్తుపెట్టుకో, రెండు ఎదురు కీలు కలిపి నొక్కితే చివరిదాన్నే తీసుకునే ఫీచర్ ఉంటుంది, రేజర్ వాళ్లు స్నాప్ ట్యాప్ అంటారు. 2024 ఆగస్టులో వాల్వ్ కంపెనీ దాన్ని తమ షూటింగ్ గేమ్ కౌంటర్ స్ట్రైక్ 2 అధికారిక సర్వర్లలో నిషేధించింది. ఏ గేమ్‌లో ఒప్పుకుంటారో చూసుకోకుండా ఆ ఫీచర్ కోసమే డబ్బు పెట్టొద్దు.

బీచ్‌రోడ్డు_కుర్రాడు · ఎనిమిది నెలల తర్వాత, శుక్రవారం రాత్రి 10:40

పాత చర్చని మళ్లీ పైకి తెస్తున్నాను, చెప్పాల్సింది ఉంది. పోయిన వారం డీ కీ డబుల్ పడటం మొదలైంది. కోడ్‌లో "డెఫ్" కొడితే ముందు రెండు డీలు పడుతున్నాయి, గేమ్‌లో అయితే కుడివైపు జరిగి ఆగాల్సినవాడు ఇంకో అడుగు వేస్తున్నాడు. మాది బీచ్‌కి దగ్గర హాస్టల్, ఉప్పుగాలి, కిటికీ ఎప్పుడూ తెరిచే ఉంటుంది, అదే కారణమేమో.

ఆర్డర్ పెట్టిన స్విచ్‌లు రావడానికి నాలుగు రోజులన్నారు, నాకేమో మర్నాడే ల్యాబ్ ఎగ్జామ్. టెన్షన్‌లో కూర్చున్నవాడికి సర్వీస్‌బెంచ్ అన్న మొదటి పోస్టు గుర్తొచ్చింది. స్క్రోల్ లాక్ నేను ఈ ఎనిమిది నెలల్లో ఒక్కసారి కూడా నొక్కలేదు. దాని స్విచ్ పీకి డీలో పెట్టాను, డీది స్క్రోల్ లాక్‌లో పెట్టాను. రెండు నిమిషాలు కూడా పట్టలేదు, అంతే, కీబోర్డు కొత్తదిలా అయిపోయింది. నిన్న కొత్త స్విచ్‌లు వచ్చాయి, పది కలిపి రూ. 250 లోపే పడింది.

సర్వీస్‌బెంచ్ · శుక్రవారం రాత్రి 11:10

శభాష్ తమ్ముడూ. ఆ పాత డీ స్విచ్ పారెయ్యకు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ రెండు చుక్కలు కాడ పక్కనుంచి వేసి, ముప్పై నలభై సార్లు నొక్కి, ఒక రోజంతా ఆరనివ్వు. ఉప్పుగాలి వల్ల అయితే సగం కేసుల్లో బాగైపోతుంది. ఆరకుండా మాత్రం బోర్డులో పెట్టకు.

ఒంగోలు_నాన్న · శనివారం ఉదయం 7:55

మా వాడికి కూడా హాట్‌స్వాప్ ఉన్నదే కొన్నానండీ, రూ. 2,600. ఆదివారాలు నేనూ దాని మీదే తెలుగు టైపింగ్ నేర్చుకుంటున్నాను. తెనాలి అమ్మా, పొల్లు డీ మీద ఉంటుందని మీరు రాసింది చూసే మొదలుపెట్టాను. "రాష్ట్రం" ఇప్పుడు చూడకుండా కొడుతున్నాను.

అక్షరాల_షాపు · శనివారం ఉదయం 8:30

చాలా సంతోషమండీ. ఇక "స్వాతంత్ర్యం" కొట్టి చూడండి, పొల్లు మూడుసార్లు వస్తుంది.

బీచ్‌రోడ్డు_కుర్రాడు · శనివారం ఉదయం 9:10

అన్నా, ఆల్కహాల్ దొరికింది, స్విచ్ ఆరబెట్టాను, రేపు పెట్టి చెబుతా. పదింటిలో నాకు రెండు చాలు, మిగతా ఎనిమిది ఖాళీగానే ఉన్నాయి. వైజాగ్‌లో ఎవరికైనా మూడు కాళ్ల రెడ్ స్విచ్ ఒకటో రెండో అవసరం పడితే మెసేజ్ పెట్టండి, మద్దిలపాలెం వైపు వస్తే ఇచ్చేస్తాను, డబ్బులేం అక్కర్లేదు.